ఎక్కడ నిలబడి చూపించాలి: పాత కట్టడాల నడకలు, తలుపులు తెరిచే రోజులు

వీధి వెడల్పు 6 మీటర్లు. దాని పక్కన 12 మీటర్ల ఎత్తున్న పాత భవనం. 20 మందిని తీసుకొచ్చి దాని ఎదుట నిలబెడితే వాళ్లకు కనిపించేది భవనం కాదు. కింది కిటికీ, వాకిలి, బాల్కనీ అడుగుభాగం. మెడ వెనక్కి వాల్చి ఓ రెండు నిమిషాలు చూస్తారు, ఆ తర్వాత ఫోన్లు తీస్తారు. నడక నడిపేవారు ఎంత చదివి వచ్చినా అక్కడ వాళ్ల మాట ఎవరికీ ఎక్కదు. చెప్పింది తప్పని కాదు, నిలబెట్టిన చోటు తప్పు.

నగరంలోని పాత కట్టడాలను పదిమందితో కలిసి వేడుకగా చూసే కార్యక్రమాలు చాలావరకు ఇంత చిన్న సంగతి దగ్గరే దెబ్బతింటాయి. కట్టిన సంవత్సరం, కట్టించినవారి పేరు, శైలి పేరు ఇంట్లో కూర్చునీ చదువుకోవచ్చు. ఆ చోటికి వచ్చి నిలబడితేనే అబ్బేది ఒకటుంది: గోడను చూసి దాని కథ పట్టుకోవడం. ఆ చూపు ఒక్కసారి అలవాటైన మనిషి మర్నాడు తన పనిమీద పోతూ కూడా పాత గోడ దగ్గర ఆగుతాడు. నడక పెట్టినా, మామూలుగా మూసి ఉండే కట్టడాల తలుపులు జనానికి తెరిచే రోజు పెట్టినా, పాత ఫోటోల సేకరణ పెట్టినా, ఏర్పాట్లన్నీ ఆ చూపు కోసమే సాగాలి.

నిలబడే చోటుకు ఒక లెక్క ఉంది. 19వ శతాబ్దంలో జర్మన్ వాస్తుశిల్పి హెర్మన్ మార్టెన్స్ కంటిచూపు కోణాలను బట్టి దూరాలు కట్టాడు. కట్టడం ఎత్తు ఎంతో అంతే దూరంలో నిలబడితే పై అంచు కోసం చూపు 45 డిగ్రీలు పైకి లేవాలి. అక్కడి నుంచి నగిషీ, కిటికీ చట్రం, రాళ్ల అతుకులు బాగా కనిపిస్తాయి గానీ భవనం ఒక్క చూపులో అందదు. ఎత్తుకు రెండింతల దూరానికి జరిగితే కోణం దాదాపు 27 డిగ్రీలకు దిగుతుంది, ముఖభాగమంతా కంట్లో పడుతుంది. మూడింతల దూరంలో, 18 డిగ్రీల దగ్గర, అది ఇరుగుపొరుగు కట్టడాలతో కలిసి వీధిలో భాగంగా కనిపిస్తుంది. కొలత కంటి మట్టం నుంచి పట్టాలి కనుక ఎత్తులోంచి మీటరున్నర తీసేయాలి.

పైన చెప్పిన భవనం ముఖభాగమంతా కనబడాలంటే, ఈ లెక్కన పదిన్నర మీటర్లకు రెండింతలు, 21 మీటర్ల దూరం కావాలి. వీధిలో ఉన్నది ఆరే. అందుకని దానికి రెండు మజిలీలు పెట్టాలి. మొదటిది వీధి మలుపు దగ్గర: ఏటవాలుగా చూస్తే ముఖభాగం కుంచించుకుపోయినా, కప్పు అంచు తీరు, బాల్కనీలు ఎంత ముందుకు వచ్చాయి, పక్కింటి అంతస్తులతో మట్టం కలిసిందా లేదా అన్నవి ఎదురుగా నిలబడ్డప్పటికంటే బాగా తెలుస్తాయి. రెండోది గుమ్మం ఎదుట: అక్కడ తలుపు, గడప, కింది గోడ తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు. కనబడని దాని గురించి చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదు.

వెలుగు కూడా ఇంతే ముఖ్యం. సూర్యుడు గోడకు ఎదురుగా ఉన్నప్పుడు గోడ చదునుగా కనిపిస్తుంది. కిరణాలు గోడ వెంబడి జారే వేళ, అంటే వెలుగు పక్కనుంచి గీసినట్టు పడే ఆ అరగంటో ముప్పావుగంటో, పూత ఉబ్బులు, పూడ్చేసిన కిటికీ అంచులు, రాతి మీద ఉలి గీతలు నీడలు పట్టుకుని బయటపడతాయి. దారి ఏ దిక్కు నుంచి మొదలవ్వాలో ఈ వేళలు చెప్పాలి. చాలాచోట్ల బస్సు ఆగే చోటునో, టీ దొరికే చోటునో బట్టి దారి గీస్తారు. ఆ వెసులుబాటు కోసం ఉన్నవాటిలో మంచి గోడ ఎదురెండలో నల్లటి ముద్దలా మిగిలిపోతుంది. ఇంకో సంగతి: ఎవరో ఒకరి కళ్లలో ఎండ పడక తప్పకపోతే అది నడిపేవారి కళ్లలో పడాలి, వినేవారి కళ్లలో కాదు.

సమయం దగ్గర ఆశ ఎక్కువ, లెక్క తక్కువ. గుంపు నడక గంటకు 3 కిలోమీటర్లు మించదు కాబట్టి 2 కిలోమీటర్లకు 40 నిమిషాలు పడుతుంది. 9 మజిలీలకు ఆరేసి నిమిషాల చొప్పున 54. ప్రతి మజిలీ దగ్గర వెనకబడ్డవాళ్లు వచ్చి చేరడానికి రెండేసి నిమిషాలు, అంటే 18. మొత్తం 112 నిమిషాలు. అదే దారిలో 12 మజిలీలు పెడితే 136 అవుతుంది. గంటన్నరలో ముగిస్తామని చెప్పి 12 చోట్లు పెట్టుకున్న నడక చివరి మూడు కట్టడాల ముందు పరిగెడుతుంది. సాధారణంగా అసలు విశేషమంతా దాచుకున్నది ఆ చివరి మూడింటిలోనే. మజిలీలు తగ్గించడం కష్టమైన పనే, అయినా చేయాల్సిన పని అదే.

మైకు లేకుండా రోడ్డు చప్పుడులో వినిపించగలిగేది 15 నుంచి 20 మందికి. నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు ఉంటే 25. అంతకు మించితే రెండు జట్లు చేసి 20 నిమిషాల తేడాతో పంపాలి. ముందు నడిచే మనిషి ఎంత అవసరమో, అందరికంటే వెనక నడిచే మనిషీ అంతే అవసరం. రోడ్డు దాటేటప్పుడు గుంపు రెండుగా తెగిపోకుండా చూసేది, చక్రాల కుర్చీలో వచ్చినవారికి ఎక్కడ మెట్టు అడ్డం వస్తుందో ముందే తెలిసి పక్కదారి చూపేది ఆ వెనక మనిషే. 20 మంది దగ్గరగా నిలబడినా 10 చదరపు మీటర్ల చోటు పడుతుంది. వాళ్లు నిలబడ్డాక కూడా దారిన పోయేవారికి మీటరున్నర మిగలాలి. మిగలదంటే ఆ మజిలీ పనికిరాదు. దారిని ముందుగా ఒకసారి గడియారం పెట్టుకుని ఒంటరిగా, ఒకసారి కట్టడాల గురించి ఏమీ తెలియని ఇద్దరితో, ఒకసారి అసలు నడక జరిగే వారం, అదే వేళలో నడిచి చూడాలి. ఆదివారం ఉదయం నిశ్శబ్దంగా ఉన్న కూడలి శనివారం సాయంత్రం మాట వినపడనివ్వదు.

గోడ చెప్పే సంగతులు

మజిలీ చేరగానే మాట మొదలుపెట్టకూడదు. ఒక ప్రశ్న అడిగి అర నిమిషం ఊరుకోవాలి. "ఈ గోడలో తర్వాత పెట్టిన కిటికీ ఏది?" అంటే చాలు, 20 జతల కళ్లు గోడంతా వెతుకుతాయి. ఆ అర నిమిషంలో చూసింది పది నిమిషాల ఉపన్యాసం కంటే లోతుగా దిగుతుంది.

ఇలాంటి ప్రశ్నలకు జవాబులు గోడలోనే ఉంటాయి. ఇటుక గోడలో వరసలు ఒకదానిలో ఒకటి పళ్లు కరిచినట్టు అల్లుకుంటాయి. ఎక్కడైనా పైనుంచి కిందికి తిన్నగా గీత గీసినట్టు అతుకు కనిపిస్తే, అక్కడ గోడ రెండు విడతల్లో కట్టారన్నమాట, లేదా ఒకప్పటి గుమ్మాన్ని పూడ్చారు. పూడ్చినచోట పైన కమాను ఆనవాలు ఇంకా ఉంటుంది, ఎందుకంటే బరువు మోస్తున్న కమానును ఎవరూ పీకరు. ఇటుకలు పేర్చిన తీరు కూడా మాట్లాడుతుంది. ఒక వరస నిడివి ఇటుకలు (పొడవు వైపు కనిపించేవి), దాని మీద వరస అడ్డ ఇటుకలు (పొట్టి కొస కనిపించేవి) వస్తే అది ఇంగ్లీష్ బాండ్. ఒకే వరసలో నిడివి, అడ్డం మారిమారి వస్తే ఫ్లెమిష్ బాండ్. ముఖభాగంలో ఒకటి, పక్క గోడలో మరొకటి కనిపిస్తే కట్టించినవారు వీధికి కనిపించే వైపు ఎక్కువ శ్రద్ధ పెట్టారని తెలుస్తుంది. గోడ నిండా నిడివి ఇటుకలే ఉంటే, అది బరువు మోసే పాత మందపు గోడ కాకపోవచ్చు. పైపైన కట్టిన ఒంటి ఇటుక పొర అయ్యే వీలుంది.

ఇక మరమ్మతులు చేసే గాయం. పాత మెత్తటి ఇటుక గోడను సున్నంతో కట్టారు. ఇటుకలోకి చేరిన తడి సున్నపు సందుల్లోంచి మెల్లగా ఆవిరై పోయేది. తర్వాత ఎవరో గట్టిదనం కోసం ఆ సందులను సిమెంటుతో నింపితే తడికి ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడది ఇటుక ముఖంలోంచి బయటికి వస్తుంది, తనతో తెచ్చిన లవణాలను ఇటుక చర్మం కింద స్ఫటికాలుగా వదులుతుంది. ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలుతుంది. చివరికి సిమెంటు గీతలు గూడులా ముందుకు నిలిచి, మధ్యలో ఇటుకలు గుంటలు పడి మిగులుతాయి. ఇలాంటి గోడ ఎదురైతే తప్పకుండా ఆగి చూపించాలి. పాత ఇల్లున్న మనిషి గుంపులో ఒక్కరున్నా, ఆ రోజు ఆ ఒక్క మజిలీ ఒక గోడను కాపాడవచ్చు.

నడకల్లో తిరిగే కట్టుకథల విషయంలో పట్టుదల అవసరం. పాత కిటికీ అద్దాలు కింద మందంగా ఉండటానికి కారణం శతాబ్దాలుగా గాజు కిందికి పారడమేనని ఇప్పటికీ చెబుతుంటారు. గాజు మామూలు వాతావరణంలో అలా పారదు. ఊది, తిప్పి, పరిచి చేసిన పాత అద్దం మొదటి నుంచే ఒక మందంలో ఉండదు. మందమైన అంచు పైకో పక్కకో వచ్చేలా బిగించిన అద్దాలూ ఉన్నాయి. పూడ్చిన కిటికీలన్నీ పన్ను తప్పించుకోవడానికే అనడం ఇలాంటిదే. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉన్న మాట నిజం. కానీ ముఖభాగంలో సమతూకం కోసం మొదటి నుంచే గుడ్డి కిటికీలుగా, అంటే ఆకారమే తప్ప తెరుచుకోనివిగా, కట్టినవీ చాలా ఉన్నాయి. లోపల గోడ అల్లిక చూస్తే తేడా తెలుస్తుంది: తర్వాత పూడ్చినదానికి చట్రం ఆనవాలో, తిన్నని అతుకో ఉంటుంది. కట్టుకథను విడమరిచి చెప్పి, అది ఎందుకు నిలబడదో గోడ మీదే చూపిస్తే జనం నొచ్చుకోరు, ఇంకా ఆసక్తిగా వింటారు.

కట్టిన సంవత్సరం చెప్పేటప్పుడు అది దేని సంవత్సరమో చెప్పాలి. అనుమతి పొందిన ఏడు, పునాదిరాయి వేసిన ఏడు, పని పూర్తయిన ఏడు వేరువేరు. కట్టడం నెత్తి మీద చెక్కిన అంకెలు ఒక్కోసారి తిరిగి కట్టిన ఏడువి. పన్నుల రిజిస్టరు, పాత వీధి డైరెక్టరీ, ఫోటో, పటం వీటిలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలిస్తే చెప్పవచ్చు. అమెరికా నగరాలకు 1867 నుంచి శాన్‌బోర్న్ కంపెనీ గీసిన అగ్నిబీమా పటాలు ఈ పనికి నిధి లాంటివి. వాటిలో ఇటుక కట్టడానికి గులాబీ రంగు, చెక్క ఇంటికి పసుపు, రాతికి నీలం వేశారు. ఒకే వీధి పటాలను వరసగా చూస్తే చెక్క ఇల్లు పోయి ఇటుక ఇల్లు ఎప్పుడొచ్చిందో రంగే చెబుతుంది. అలాంటి పటం నకలు ఒకటి పెద్దదిగా అచ్చువేసి మజిలీ దగ్గర చేతికిస్తే, గుంపు దాని చుట్టూ దానంతటదే మూగుతుంది.

తలుపు తెరిచిన రోజు

వీధి నుంచి చూసేది సగమే. మిగతా సగం తలుపు వెనక ఉంటుంది. ఫ్రాన్సు 1984లో చారిత్రక కట్టడాల తలుపులు జనానికి తెరిచే రోజు మొదలుపెట్టింది. ఆ పద్ధతిని 1991లో యూరప్ కౌన్సిల్ అందుకుని యూరప్ వారసత్వ దినాలుగా మార్చింది, 1999లో యూరోపియన్ యూనియన్ చేయి కలిపింది. లండన్‌లో ఓపెన్ హౌస్ 1992లో మొదలైంది, టొరంటోలో డోర్స్ ఓపెన్ 2000లో. వీటన్నిటిలో ఆకర్షణ ఒక్కటే: మామూలు రోజుల్లో మూసి ఉండే తలుపు ఆ రోజు తెరుచుకుంటుంది.

ఎంతమందిని రానివ్వాలి అన్నది పెద్ద హాలు చెప్పదు, ఇరుకైన మెట్లవరస చెబుతుంది. రోజుకు 6 గంటలు తెరిచి, 20 నిమిషాలకు ఒక జట్టు, జట్టుకు 15 మంది అనుకుంటే కాగితం మీద 18 జట్లు, 270 మంది. కానీ ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్లవరస ఉంటే ఒక జట్టు దిగేదాకా మరొకటి ఆగాలి. దానికి 5 నిమిషాలు కలిపితే 14 జట్లే సాగుతాయి, 210 మంది. మొదటి లెక్క నమ్మి టికెట్లు ఇచ్చినచోట మధ్యాహ్నానికి గేటు బయట కోపంతో ఉన్న వరస మిగులుతుంది.

బరువు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇళ్ల నేలలకు ఇవాళ్టి ప్రమాణాల్లో చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువు లెక్క వేస్తారు. జనం గుమిగూడే చోట్లకు సుమారు 500. పాత చెక్క దూలాల మిద్దెకు అసలు లెక్కే వేసి ఉండకపోవచ్చు. 75 కిలోల మనుషులు 20 మంది అంటే 1,500 కిలోలు. 20 చదరపు మీటర్ల గదిలో విడివిడిగా తిరిగితే చదరపు మీటరుకు 75 కిలోలే, భయం లేదు. అదే 20 మంది వీధి ఊరేగింపు చూడటానికి 6 చదరపు మీటర్ల బాల్కనీలోకి తోసుకుంటే 250 అవుతుంది. పైగా బాల్కనీ ఒక్క వైపే గోడకు ఆనుకుని ఉంటుంది, గోడలోకి దిగిన ఇనుప కమ్మీ లోపల తుప్పు పట్టిందో లేదో బయటికి కనిపించదు. అందుకే పాత బాల్కనీ మీదికి జనాన్ని పంపాలంటే నిర్మాణ ఇంజనీరు చూసి చెప్పాలి. అది కుదరకపోతే దాని తలుపు మూసి ఉంచడమే సరైన పని. మేడ మీద డప్పుకు అడుగులు కలిపే నృత్యాలు పెట్టకూడదు. ఒకే లయలో పడే అడుగులు నేలను ఊపుతాయి, నిలబడ్డ బరువు కంటే అది ఎక్కువ హాని.

చెప్పుల అడుగున వచ్చే ఇసుక పాలిష్ పట్టిన నేలకు గరుకు కాగితం లాంటిది. గుమ్మం దగ్గర ఒక చిన్న పట్టా పరిచి సరిపెట్టకూడదు. మనిషి ఆరేడు అడుగులు వేసేంత పొడవు ఉండాలి. నీటిరంగుల బొమ్మలు, పాత వస్త్రాలు, కాగితాలు ఉన్న గదిలో వెలుగు 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుగుకు కొలత) దాటకూడదు. ఊపిరి, చెమట కూడా గోడబొమ్మలకు భారమే. ఇటలీలోని పదువా నగరంలో పాతకాలపు చిత్రకారుడు జొట్టో వేసిన గోడబొమ్మలున్న స్క్రొవెన్యీ ప్రార్థనాలయంలోకి జనాన్ని చిన్న జట్లుగానే పంపుతారు. ముందు అద్దాల గదిలో దాదాపు పావుగంట కూర్చోబెట్టి, గాలిలో తేమ కుదుటపడ్డాకే లోపలికి తలుపు తీస్తారు. అంత ఏర్పాటు అందరికీ సాధ్యం కాదు. జట్టును చిన్నది చేయడం, ఎక్కువసేపు నిలబడనివ్వకపోవడం మాత్రం అందరికీ సాధ్యమే.

ఆ ఇళ్లలో ఉండేవాళ్లు

పాత కట్టడాల్లో చాలావాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు. వారానికి మూడు గుంపులు వచ్చి కిటికీలోకి ఫోన్లు పెడితే, ఇంటివాళ్లకు ఆ ముఖభాగం మీద ఉన్న ప్రేమ కాస్తా పోతుంది. తేదీ, వేళ ముందే చెప్పడం, ఫోటో ఎక్కడి దాకా తీయవచ్చో వాళ్లనే నిర్ణయించనివ్వడం, ఒక్కో వీధికి నెలలో నడకలకు హద్దు పెట్టుకోవడం కనీస మర్యాద. ఇంటివాళ్లలో ఒకరు ముందుకొచ్చి మాట్లాడతానంటే నడిపేవారు పక్కకు తప్పుకోవాలి. అహ్మదాబాదులో నగరపాలక సంస్థ 1997 నవంబరు 19న మొదలుపెట్టిన వారసత్వ నడక కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర బయలుదేరి జామా మసీదు దాకా సాగుతుంది. దారి పొడవునా అది జనం కాపురముండే పోళ్ల, అంటే ఇరుకు సందుల పాత పేటల, గుండానే వెళ్తుంది, అదే దాని బలం. 2017లో ఆ పాత నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. టొరంటోలో 2007లో, నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ పేరు మీద పుట్టిన జేన్స్ వాక్ ఇంకో దారి పట్టింది: అక్కడ గైడు అంటూ ఉండడు, ఆ వీధి తెలిసినవారెవరైనా నడక నడపవచ్చు, వచ్చినవాళ్లు మధ్యలో మాట అందుకోవచ్చు. తేదీల్లో పొరపాట్లు దొర్లుతాయి, నిజమే. కానీ ఏ గదిలో ఏ పని జరిగేదో, వాన పడితే నీళ్లు ఎటు పోయేవో ఏ రికార్డులోనూ దొరకదు, ఆ ఇంట్లో పెరిగినవారి నోట మాత్రమే వస్తుంది.

ఆ మాటలను నిలబెట్టుకునే కార్యక్రమం పాత ఫోటోల సేకరణ. నడక ముగిసే చోట ఒక బల్ల, స్కానరు, ఇద్దరు మనుషులు చాలు. మామూలు ఫోటోను 600 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు), అరచేతిలో పట్టేంత చిన్నదైతే 1200లో, వివరాలు పోకుండా దాచే టిఫ్ ఫైలుగా తీయాలి. ఫోటో అప్పటికప్పుడే తిరిగి చేతిలో పెట్టాలి. రేపు ఇస్తామన్న మాటతో నమ్మకం పోతుంది. వెనక పెన్నుతో రాయకూడదు, సిరా ముందువైపుకు దిగుతుంది. స్కాన్‌కు రెండు నిమిషాలు పడితే, ఎవరు, ఎక్కడ, ఏ సందర్భం అని అడిగి రాసుకోవడానికి ఇంకో మూడు పడుతుంది. అంటే బల్లకు గంటకు 12 ఫోటోలు, 4 గంటల్లో 48. ఎక్కువ మంది వస్తారనుకుంటే రెండో స్కానరు కంటే రెండో రాసేమనిషి ముఖ్యం. ఎక్కడ వాడుకోవచ్చో ఇచ్చినవారి సంతకంతో రాయించుకోవాలి.

సున్నం పని చూపించే ప్రదర్శనలకు పిల్లలు ఎగబడతారు. బట్టీలో కాల్చిన సున్నం మీద నీళ్లు పోస్తే అది బుసబుసా మరుగుతుంది, చిమ్మిన చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కాబట్టి మరిగించే పని ముందే ముగించి, చల్లారి ముద్దయిన సున్నంతోనే ప్రదర్శన పెట్టాలి. అదీ చేతి తొడుగులు, కళ్లద్దాలు ఇచ్చాకే.

రాత్రి వెలుగుల వేడుకలకు జనం ఎక్కువ వస్తారు. చూపు నేర్పేది మాత్రం తక్కువ. అయినా పెట్టాలనుకుంటే దీపాలు గోడకు బిగించకుండా నేల మీద బరువు స్టాండ్లకు పెట్టాలి. తప్పక మేకు దించాల్సి వస్తే సున్నపు సందులోనే, రాతిలోనో ఇటుకలోనో కాదు: సందును మళ్లీ నింపవచ్చు, పగిలిన రాయి అతకదు. ఇటుకకు, పసుపురంగు రాతికి 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) వెచ్చటి వెలుగు నప్పుతుంది, చల్లటి తెలుపు వాటిని బూడిదరంగులోకి తిప్పుతుంది.

షికాగోలో వాస్తుశిల్పి రిచర్డ్‌సన్ గీసిన 1887 నాటి గ్లెస్నర్ ఇంటికి 1960లలో కూల్చివేత ముప్పు వచ్చింది. దాన్ని కాపాడటానికి 1966లో కొందరు కలిసి పెట్టిన సంస్థే ఇవాళ ఆ నగరమంతటా, నది మీద పడవల్లో కూడా, వాస్తు పర్యటనలు నడుపుతోంది. న్యూయార్క్‌లో 1956 నుంచే వాస్తు నడకలు సాగుతున్నా 1963లో పెన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్ కూల్చివేత ఆగలేదు. 1965లో కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. నడకలు ఒక్కటే కట్టడాన్ని నిలబెట్టవు. కూల్చే కాగితం బయటికి వచ్చిన రోజున ఆ గోడ పేరు, దాని కమాను తీరు తెలిసినవాళ్లు నగరంలో ఎంతమంది ఉన్నారన్నది మాత్రం నడకల చేతిలో ఉంది. అందుకే హాజరు సంఖ్య ఒక్కటే రాసుకోకూడదు. రెండో ఏడాది మళ్లీ తలుపు తెరిచిన ఇళ్లెన్ని, నడక నేర్చుకుని సొంతంగా నడిపినవారెంతమంది, నడక తర్వాత సిమెంటు గీకించి సున్నం పెట్టించిన గోడలెన్ని అన్నవీ రాసుకోవాలి.

వేడుక ముగిసిన మర్నాడు ఉదయం ఇంటివాళ్లతో కలిసి కట్టడమంతా ఒకసారి తిరగాలి. కార్యక్రమానికి ముందు పగుళ్ల చివర పెన్సిలుతో పెట్టిన గుర్తులు, తేదీలు అక్కడే ఉంటాయి. పగులు గుర్తు దాటి పాకిందేమో చూడాలి, పక్కన స్కేలు పెట్టి మళ్లీ ఫోటో తీయాలి. నేల మీద కొత్త గీతలు, తడిచేతుల మరకలు, వదులైన మెట్ల కటకటాలు రాసుకుని, ఆ కాగితం ఒక ప్రతి, ఫోటోలన్నిటి నకళ్లతో సహా, ఇంటివాళ్లకు ఇచ్చి రావాలి.